ముహూర్తం, సిమ్యులేటర్ స్లాట్: పైలట్ ట్రైనింగ్ నడుస్తుండగా నా పెళ్లి

నా పెళ్లి 2025 ఆగస్టులో అయింది. మొదట ఖాయం చేసుకున్న ముహూర్తం 2024 ఏప్రిల్‌ది. ఈ మధ్యలో ఒక ఎయిర్‌లైన్‌లో ట్రైనీగా చేరాను, ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేశాను, మా బాపమ్మను పోగొట్టుకున్నాను, ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, రిలీజ్ అయ్యాను (ట్రైనింగ్ ముగిసి మామూలు డ్యూటీకి వచ్చాను). మా బల్లార్షా నుంచి, చంద్రపూర్, రాజురా నుంచి, అవతల కాగజ్‌నగర్, మంచిర్యాల నుంచి ఈ లైన్‌లోకి రావాలనుకునే పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్లు అడిగేది ఎక్కువగా పరీక్షల గురించే. పెళ్లి ఎప్పుడు పెట్టుకోవాలి, ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే మధ్యలో పంపిస్తారా అని అడిగేవాళ్లు తక్కువ. నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం అదే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) దశలో ఇంటి పనులకు కొంత వెసులుబాటు ఉంటుంది. మా అక్క పెళ్లి 2022 మేలో. అప్పటికి నేను సోలో క్రాస్ కంట్రీలు, అంటే ఒంటరిగా దూరం వెళ్లే ఫ్లయిట్లు, చేస్తున్నాను. ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగితే వెంటనే వెళ్లమన్నారు. నేను తిరిగొచ్చేసరికి మా విమానం మెయింటెనెన్స్‌కి వెళ్లింది, అది బయటికి వచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. పెళ్లికి తీసుకున్నది వారమే, బోర్డు మీద మళ్లీ నా పేరు కనిపించడానికి మాత్రం నెల దాటింది. అన్ని రోజులు గ్యాప్ వస్తే సోలో పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఒకసారి చూస్తారు. ఆ గంట డబ్బు కూడా మనమే కట్టాలి. అయినా అక్క పెళ్లికి వెళ్లినందుకు నాకు ఏ బాధా లేదు. ఫ్లయింగ్ స్కూల్లో పోయేది మన టైమ్, మన డబ్బు. ఇంకొకరిది పోదు. ఈ తేడా ఎంత పెద్దదో ఎయిర్‌లైన్‌కి వెళ్లాక తెలుస్తుంది.

200 గంటలు పూర్తయ్యాయి, స్కిల్ టెస్టులు అయ్యాయి, 2023 నవంబర్‌లో లైసెన్స్ చేతికొచ్చింది. ఫీజు, హాస్టల్, పరీక్షలు, మెడికల్ అన్నీ కలిపి 50 లక్షలకు దగ్గర పడింది. బాపు (నాన్న) రైల్వేలో గూడ్స్ లోకో పైలట్. పీఎఫ్ నుంచి కొంత తీశారు, ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోన్ తెచ్చారు. పెళ్లికి దాచిన డబ్బు ముట్టుకోలేదు. అది అమ్మ పట్టుదల.

ఇంట్లో వాళ్లకి ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది గడువుల గురించి. ఈ చదువులో ప్రతిదానికీ ఒక గడువు ఉంటుంది. సీపీఎల్‌కి అప్లై చేసేటప్పుడు స్కిల్ టెస్టులు ఆరు నెలల లోపువి అయి ఉండాలి. క్లాస్ వన్ మెడికల్, అంటే పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్, పన్నెండు నెలలే చెల్లుతుంది. మూడు నెలలు ఆగితే ఏమవుతుంది బిడ్డా అని పెద్దవాళ్లు ప్రేమగానే అడుగుతారు. అందుకని నేను మా ఇంట్లో గోడ మీది తిథుల క్యాలెండర్ మీదే నా మెడికల్ తేదీ, లోన్ కిస్తీ మొదలయ్యే నెల ఎర్ర పెన్నుతో రాశాను. అమ్మ వాటిని రోజూ చూసేది. దాంతో సగం వాదనలు తగ్గాయి.

2024 ఫిబ్రవరిలో మంచిర్యాల సంబంధం కుదిరింది. అబ్బాయి కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగి. అదే నెలలో నేను ఎయిర్‌లైన్ రాతపరీక్ష రాసి, ఇంటర్వ్యూ ఇచ్చి ఫలితం కోసం చూస్తున్నాను. పంతులు గారు పంచాంగం చూసి, ఏప్రిల్ నెలాఖరు నుంచి మౌఢ్యం అని, మే, జూన్‌లలో ముహూర్తాలు లేవని, ఆ వెనకే ఆషాఢం వస్తుందని చెప్పారు. అంటే ఏప్రిల్ మూడో వారం దాటితే మళ్లీ ఆగస్టులో శ్రావణమే. రెండు వైపులా ఏప్రిల్‌కే ఒప్పుకున్నారు. చంద్రపూర్ రోడ్డులో పెళ్లికి ఫంక్షన్ లాన్ మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చాం. పత్రికలు అచ్చుకి ఇవ్వబోతుండగా నాకు మెయిల్ వచ్చింది. సెలెక్ట్ అయ్యాను, ఏప్రిల్ 22న గురుగ్రామ్‌లో రిపోర్ట్ చేయాలి.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. పెళ్లికీ రిపోర్టింగ్‌కీ మధ్య సరిగ్గా రెండు రోజులు. పెళ్లయిన మూడో రోజే కొత్త పెళ్లికూతుర్ని ఢిల్లీ బండి ఎక్కిస్తారా అని మేనత్తలు. నేను ఎయిర్‌లైన్ వాళ్లకి మెయిల్ రాసి తర్వాతి బ్యాచ్‌లో చేరవచ్చా అని అడిగాను. వీలవుతుంది, కానీ తర్వాతి బ్యాచ్ ఎప్పుడో ఇప్పుడే చెప్పలేం అని జవాబు. అది విన్నాక నాకు మనసులో తేలిపోయింది. ఎప్పుడో తెలియని బ్యాచ్ కోసం చేతిలో ఉన్న తేదీ వదులుకోలేను. అప్పటికే నా సీనియర్లు కొందరు లైసెన్స్ ఉండి కూడా ఏళ్ల తరబడి పిలుపు కోసం కూర్చున్నారు. అబ్బాయికి నేనే ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా అమ్మకు నేను చెప్తాను, నువ్వు వెళ్లు అన్నారు. లాన్ వాళ్లు అడ్వాన్స్ సగం మాత్రమే వెనక్కి ఇచ్చారు. పెళ్లి శ్రావణానికి మార్చుకున్నాం.

గురుగ్రామ్‌కి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాను. బల్లార్షాలో ఎక్కితే నేరుగా న్యూఢిల్లీలో దిగొచ్చు. మొదటి వారాలు గ్రౌండ్ క్లాసులు, కంప్యూటర్ పాఠాలు, టెక్నికల్ పరీక్ష. రోజుకి పది పన్నెండు గంటలు చదివినా తరగదు. ఈ దశలో ఇంటి విషయాలు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు, ఒక ఆదివారం చీరలు కూడా వీడియో కాల్‌లో చూశాను. జూన్ మొదట్లో సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడిపినట్టు సాధన చేయించే యంత్రం) మొదలైంది. అక్కడి నుంచి లెక్క మారిపోయింది.

సిమ్యులేటర్ ఎలా నడుస్తుందో తెలియకపోతే, ఎందుకు సెలవు దొరకదో అర్థం కాదు. ఆ యంత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. స్లాట్ నాలుగు గంటలు. ఇద్దరు ట్రైనీలను జత కడతారు. మొదటి రెండు గంటలు ఒకరు నడిపితే రెండోవాళ్లు పక్క సీట్లో రేడియో, చెక్‌లిస్టులు చూస్తారు, తర్వాత మారతారు. ముందు ఏం చేయాలో చెప్పే బ్రీఫింగ్ గంటకు పైగా, తర్వాత ఎలా చేశామో మాట్లాడే డీబ్రీఫింగ్. మాకు ఎక్కువగా రాత్రి 2 నుంచి 6 వరకు స్లాట్ పడేది. నేను రాకపోతే నా సెషన్ ఒక్కటే పోదు, నా పార్ట్‌నర్‌ది కూడా పోతుంది. లేదంటే నా సీట్లో కూర్చోవడానికి ఇంకెవరినో వెతకాలి. రెండు సెషన్ల మధ్య గ్యాప్ పెరిగితే చేతులు మర్చిపోతాయి. అదనపు సెషన్ వేయాల్సి వస్తుంది, దానికి వేరే ఖర్చు.

నా పార్ట్‌నర్ కాన్పూర్ అబ్బాయి. మొదటి రోజు కాఫీ తాగుతూ ఆయనే ఒక మాట అడిగాడు: నీకు ఈ రెండు నెలల్లో ఇంటి దగ్గర ముఖ్యమైన తేదీలు ఏమున్నాయి? ఆయన భార్యకు నెలలు నిండుతున్నాయి, డెలివరీ జూలై రెండో వారం అన్నారట. నేను నా ఆగస్టు పెళ్లి చెప్పాను, బాపమ్మకు బాగా లేదని కూడా చెప్పాను. ఆ తేదీలు రెండూ ఒకే కాగితం మీద రాసి ట్రైనింగ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాం. ఈ ఒక్క పని నేను అందరికీ చెప్తాను. ఎవరి లీవు వాళ్లు విడిగా అడిగితే ఆఫీసులో అది ఇద్దరు మనుషుల రెండు ఇబ్బందులు. జంటగా ముందే చెప్తే వాళ్లకీ సర్దడం తేలిక.

జూన్ మధ్యలో బాపమ్మ పోయింది.

నా రోస్టర్ (డ్యూటీల పట్టిక) ఎప్పుడూ బాపుకి పంపేదాన్ని. ఆయన ముప్పై ఏళ్లుగా అర్ధరాత్రి కాల్ బుక్ (డ్యూటీకి పిలుపు) వస్తే లేచి లాబీకి వెళ్లి సైన్ ఆన్ చేసి డ్యూటీ ఎక్కిన మనిషి. డ్యూటీ మీద ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆయనకి తెలుసు. బాపమ్మ రాత్రి పదకొండు గంటలకే పోయిందట. నేను ఉదయం డీబ్రీఫింగ్ అయి బయటికి వచ్చాక ఫోన్ చేశారు. "డ్యూటీ అయిందా బిడ్డా? కూసున్నవా?" అని అడిగారు. కూర్చున్నావా అని అడిగారంటేనే నాకు అర్థమైంది. ఆ రాత్రి నేను ఇంజన్ ఫెయిల్యూర్ మీద ఫెయిల్యూర్ చేస్తూ ఉన్నాను, అదే టైములో ఇంట్లో అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. నాకు ముందే చెప్పనందుకు అమ్మ మీద కోపం వచ్చింది, తర్వాత పోయింది. చెప్పి ఉంటే నేను ఆ సీట్లో కూర్చోకూడదు. విమానం ఎక్కేముందు ఒంట్లో బాగుందా, మందులు వేసుకున్నామా, నిద్ర సరిపోయిందా, మనసు కుదురుగా ఉందా అని మనల్ని మనం తనిఖీ చేసుకోవాలని మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. దుఃఖంలో ఉన్న మనిషి ఫిట్ కాదు అనేది అక్కడ రాసి ఉన్న విషయమే.

కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఇంకో జంటతో మా స్లాట్లు మార్చింది. మా కాన్పూర్ అబ్బాయి తన వారపు సెలవు వదులుకున్నాడు. ఢిల్లీ నుంచి నాగపూర్ ఫ్లయిట్‌లో, అక్కడి నుంచి కారులో సాయంత్రానికి బల్లార్షా చేరాను. టికెట్, కారు కలిపి పద్దెనిమిది వేలు అయింది. అప్పటికప్పుడు కొంటే అంతే. ఆఖరి చూపు దక్కింది. కానీ మూడో రోజే వెనక్కి బయల్దేరాను. పదకొండో రోజుకి లేను. పిండం పెట్టేటప్పుడు తమ్ముడు వీడియో కాల్ చేశాడు, నేను ఎత్తలేదు. ఆ రాత్రి నాకు స్లాట్ ఉంది, కళ్లు ఉబ్బించుకుని వెళ్లలేను. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

తిరిగి వెళ్లాక మొదటి సెషన్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను పక్కకి పిలిచి, ఈరోజు చేయగలవా, లేదంటే నువ్వే చెప్పు, రిపోర్టులో చెడుగా రాయను అన్నారు. చేస్తానన్నాను. ఆ రోజు సెషన్ ఏమంత బాగా రాలేదు, ఆయన అదే ఎక్సర్‌సైజ్ మర్నాడు మళ్లీ చేయించారు. జూలై మొదటి వారంలో స్కిల్ టెస్ట్ పాసయ్యాం. ఆ తర్వాతి వారం కాన్పూర్‌లో పాప పుట్టింది. వాళ్ల నాన్న అక్కడే ఉన్నాడు. మేమిద్దరం రాసిచ్చిన ఆ కాగితం వల్లే టెస్ట్ తేదీ డెలివరీకి ముందు వేశారు.

ఇక పెళ్లి. బాపు పెద్దకొడుకు, కర్మ ఆయనే చేశారు. ఏడాది పాటు ఏటి సూతకం, నెలనెలా మాసికాలు. శ్రావణం ముహూర్తం సంగతి ఏమిటని మాట మొదలైంది. మా పంతులు గారు, ఆడపిల్ల పెళ్లి కాబట్టి చిన్నాన్న, చిన్నమ్మ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయొచ్చని దారి చూపించారు. చాలా ఇళ్లలో అలా చేస్తారు కూడా. అత్తగారి వైపు కొందరికి అది నచ్చలేదు. మా వాళ్లలో కొందరు ఇంకా ఆలస్యం చేస్తే సంబంధం చేజారుతుందని భయపడ్డారు. చివరికి బాపు అన్నారు: "నా బిడ్డ కన్యాదానం నేనే చేస్త. ఏడాది ఆగుదాం." మంచిర్యాలకి వెళ్లి అదే మాట చెప్పి వచ్చారు. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ రోజు మా అత్తయ్య నాకు ఫోన్ చేసి, మీ బాపమ్మ కార్యాలు సక్రమంగా జరగనీ, మేం ఎక్కడికీ పోం అన్నారు. అప్పటిదాకా ఆవిడతో మాట్లాడాలంటే నాకు బెరుకు. ఆ బెరుకు ఆ ఫోన్‌తో పోయింది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. స్కిల్ టెస్ట్ అయ్యాక నాకు చేతిలో పనేమీ లేదు. బేస్ ట్రైనింగ్, అంటే ప్రయాణికులు లేకుండా నిజమైన విమానంతో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయడం, ఎప్పుడు అని అడిగితే విమానం ఖాళీ దొరికినప్పుడు అన్నారు. జూలై అంతా ఇంట్లో ఉన్నాను. బంధువులంతా, ఇంత ఖాళీగా ఉన్నావు కదా ఇప్పుడే చేసుకుంటే పోయేది కదా అన్నారు. ఆగస్టులో, మేం ముందు అనుకున్న పెళ్లి వారంలోనే, రెండు రోజుల నోటీసుతో బేస్ ట్రైనింగ్‌కి పిలుపొచ్చింది. ఏటి సూతకం లేకపోయి ఉంటే నేను పెళ్లిపందిట్లో ఆ ఫోన్ ఎత్తేదాన్ని. ట్రైనింగ్‌లో వచ్చే ఈ ఖాళీలకు తేదీ ఉండదు. వాటిని నమ్ముకుని లాన్‌కి అడ్వాన్స్ కట్టకండి. రాతపూర్వకంగా మంజూరైన సెలవు చేతిలో ఉంటేనే ముహూర్తం పెట్టించండి. నా లెక్కలో పెళ్లికి రెండే అనువైన సమయాలు: ఎయిర్‌లైన్‌లో చేరకముందు, లేదంటే లైన్ రిలీజ్ అయ్యాక.

సెప్టెంబర్‌లో లైసెన్స్ మీద టైప్ రేటింగ్ ఎక్కింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో ఒక కాగితం మళ్లీ అప్‌లోడ్ చేయమని వెనక్కి పంపారు, దానికే మూడు వారాలు పోయాయి. అక్టోబర్‌లో ట్రైనింగ్ కెప్టెన్ పక్కన ప్రయాణికుల ఫ్లయిట్లు మొదలయ్యాయి. దసరాకి, దీపావళికి ఇంటికి రాలేదు. 2025 ఫిబ్రవరిలో రిలీజ్ చెక్ అయింది. అప్పుడు మొదటిసారి నాకు నెల ముందు రోస్టర్, ఏడాది లీవ్ పట్టిక చేతికి వచ్చాయి. నాకు వచ్చిన జీతం కంటే ఆ పట్టిక చూసి ఎక్కువ సంతోషం వేసింది.

బాపమ్మ సంవత్సరీకం జూన్ మొదటి వారంలో అయింది. అది అయిన వారానికే గురు మౌఢ్యం, జూన్ 26 నుంచి ఆషాఢం. శ్రావణం జూలై 25న మొదలు. ఆగస్టు మొదటి వారంలో ముహూర్తం రావచ్చని పంతులు గారు మార్చిలోనే చెప్పారు. నేను ఆ వారానికి ముందూ వెనకా కలిపి లీవ్ పెట్టాను. మే నెలలో మంజూరైంది. ఆ మెయిల్ ప్రింట్ తీసి పంతులు గారికి చూపించాకే లగ్నపత్రిక రాయించాం. ఇంకో సంగతి, ఆ జూలై 1 నుంచి పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. దాన్ని లీవ్‌కి ఆనించి వేశారు కాబట్టి పెళ్లికూతుర్ని చేసే ముందు ఒక పూట నిద్రపోగలిగాను.

పెళ్లి పనుల్లో ఎవరూ ముందు చెప్పని చిన్న విషయాలు కొన్ని ఎదురయ్యాయి. నా మెడికల్ సెప్టెంబర్‌లో ముగుస్తుంది. పెళ్లయ్యాక నిద్ర లేకుండా, స్వీట్లు తిని వెళ్లడం ఎందుకని జూలైలోనే రెన్యూ చేయించుకున్నాను. మా కంపెనీ గ్రూమింగ్ రూల్స్‌లో మెహందీ గురించి ఉంది. మెయిల్ పెట్టి అడిగితే పెళ్లికూతురికి మినహాయింపు ఇచ్చారు, ఆ మెయిల్ ఫోన్‌లో పెట్టుకుని తిరిగాను. ఇంటిపేరు మార్చలేదు. లైసెన్స్, పాస్‌పోర్ట్, మెడికల్, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ అన్నింటిలో ఒకే పేరు ఉండాలి. ఒకటి మారిస్తే అన్నీ తిరగరాయించుకోవాలి, అన్ని రోజులు డ్యూటీ లేకుండా కూర్చోలేను. అత్తయ్య ఏమనుకుంటారో అనుకున్నాను, ఆవిడ అసలు ఆ మాటే ఎత్తలేదు.

పెళ్లి తర్వాత నీరసంగా ఉన్నానని పిన్ని అశోకారిష్టం సీసా తెచ్చింది. ఇలాంటి ఆయుర్వేద అరిష్టాల్లో పులియడం వల్ల ఆల్కహాల్ ఉంటుంది. ఫ్లయిట్‌కి ముందు బ్రెత్ ఎనలైజర్‌లో సున్నా రావాలి, మౌత్‌వాష్ కూడా వాడకూడదని డీజీసీఏ రూల్. నేను చెప్పేలోపే బాపు ఆ సీసా తీసి పక్కన పెట్టారు. రైల్వేలో సైన్ ఆన్‌కి ఆయన కూడా రోజూ ఊదాల్సిందే కదా. మెట్టెలు మాత్రం నిజంగా ఇబ్బంది పెట్టాయి. మూసిన బూట్లలో రడ్డర్ పెడల్ తొక్కేటప్పుడు వేలికి ఒరుసుకుంటాయి. సన్నటి, సాదా మెట్టెలు చేయించుకున్నాను. మంచిర్యాల కంసాలికి పెడల్ అంటే ఏమిటో బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

పెళ్లి రోజు పొద్దున్నుంచీ వాన. వర్ధా నదికి వరద వస్తే రాజురా వంతెన మూసేస్తారు, అటు నుంచి మగపెళ్లివారి కార్లు రావాలి. అందుకని వాళ్లంతా ముందురోజే రైల్లో బల్లార్షాలో దిగారు. స్టేషన్ బయటే ఎదుర్కోళ్లు జరిగాయి. బాపుతో పనిచేసే లోకో పైలట్లు రెస్ట్‌లో ఉన్నవాళ్లు ఉన్నట్టుగా వచ్చారు. కన్యాదానం బాపే చేశారు. మా కాన్పూర్ అబ్బాయి భార్యను, ఏడాది దాటిన పాపను తీసుకుని వచ్చాడు.

పదహారు రోజుల పండుగకి నేను లేను. అప్పటికి డ్యూటీలో చేరిపోయాను. ఈసారి మాత్రం వీడియో కాల్ ఎత్తాను. ఇప్పుడు ఆయన కరీంనగర్‌లో, నేను ఢిల్లీ బేస్‌లో. హైదరాబాద్ బేస్‌కి మార్చమని అక్టోబర్‌లో అప్లికేషన్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఆరు నెలలకోసారి వచ్చే సిమ్యులేటర్ చెక్ 2026 ఫిబ్రవరిలో ఉంది. తమ్ముడి పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఫిబ్రవరి మధ్యదాకా మళ్లీ మౌఢ్యమే కాబట్టి, ఆ తర్వాతి లీవ్ పట్టిక వచ్చేవరకు ఆగమని అమ్మకి చెప్పాను. సరే అంది.